నీలిగీతల చొక్కా

లాండ్రీ వెనక గది,
సోమవారం

చిట్టికి అక్క రాసేది,

నువ్వు కంగారు పడొద్దు అని మొదలుపెడదామనుకున్నా గానీ, ఇది కంగారు పడాల్సిన సంగతే. మీ బావని పోలీసులు తీసుకెళ్లి ఇవాళ్టికి నాలుగు రోజులు.

మన దగ్గర ఐదేళ్లుగా ఇస్త్రీ చేస్తున్న అమ్మాయి ఉంది కదా, పోయినసారి నువ్వొచ్చినప్పుడు నీకు జడ కూడా వేసింది. ఆ అమ్మాయి పన్నెండు రోజులుగా కనిపించడం లేదు. కనిపించకుండా పోయిన రోజు పొద్దున మీ బావ ఆమె మీద కేకలేశాడు. ఆయన గొంతు సంగతి నీకు తెలుసుగా. ఎదురు మందుల షాపాయన విన్నాడు, విన్నదానికి పది కలిపి పోలీసులకి చెప్పాడు. వాళ్లొచ్చి షాపంతా గాలించారు. విప్పని మూటల అడుగున మీ బావ చొక్కా దొరికింది, ఛాతీ మీద రక్తం మరకతో. నువ్వు కొనిచ్చిన నీలిగీతల చొక్కానే.

అది తన ముక్కులోంచి కారిన రక్తమని ఆయన చెప్పాడు. నేనూ అదే చెప్పాను. వాళ్లు నమ్మలేదు. గ్రూపు చూస్తే ఓ అని వచ్చింది. మీ బావది ఓ. ఆ అమ్మాయిది ఏ గ్రూపో ఎవరికీ తెలీదు. అందుకని చొక్కాని మీ లాబ్‌కి పంపుతున్నారట. రక్తం ఆడమనిషిదో మగమనిషిదో చెప్పే పరీక్ష అక్కడుందట కదా! నువ్వు ఇన్నేళ్లుగా చేసే ఉద్యోగం ఇదేనా? నేనింకా మలేరియా పరీక్షలు అనుకుంటున్నా.

మగ రక్తం అని తేలితే ఆయన ఇంటికొస్తాడు. ఆడ రక్తం అని తేలితే హత్య కేసు పెడతామని పోలీసాఫీసరు నా మొహం మీదే చెప్పాడు. కాస్త చూడవే. నిన్ను తప్పు రాయమనడం లేదు. కాస్త మనసు పెట్టి చూడమంటున్నా, అంతే.

రాత వంకరగా ఉందని నవ్వకు. ఇస్త్రీ పని కూడా నా నెత్తినే పడింది, మణికట్టు పట్టేసింది.

అక్క


లాబ్ మెట్ల మీద,
గురువారం, భోజనాల వేళ

అక్కకి,

నీ ఉత్తరం చదివి తిన్నది తిన్నట్టే డబ్బా మూసేశాను. నాలుగు రోజులా? ఫోన్ చేసి చెప్పొచ్చుగా! ఇంటావిడకి చెబితే నన్ను పిలిచేది కదా. నువ్వెప్పుడూ ఇంతే, కొంప మునిగాక కబురు పంపుతావు.

ముందు పరీక్ష సంగతి విను. మగవాడి ఒంట్లో ఇంచుమించు ప్రతి కణంలోనూ వై అని ఒక క్రోమోజోమ్ ఉంటుంది. ఆడవాళ్లకి ఉండదు. ఎండిపోయిన రక్తాన్ని దారాల నుంచి తడిపి తీసి, గాజు పలక మీద పూసి, పసుప్పచ్చటి రంగు మందు పట్టిస్తాం. కిటికీలు మూసిన గదిలో మైక్రోస్కోప్ కింద నీలి దీపం వేసి చూస్తే కణాలన్నీ మసగ్గా వెలుగుతాయి. మగ కణమైతే ఆ మసకలో ఒక్క చుక్క మాత్రం చురుక్కున మెరుస్తుంది. అదే వై. అన్ని మగ కణాల్లోనూ కనబడదు, కణం బోర్లా పడితే దాక్కుంటుంది. అందుకని వంద కణాలు లెక్కబెడతాం. పాతిక దాటి చుక్కలుంటే మగ. ఐదు లోపుంటే ఆడ. మధ్యలో ఉంటే తెలీదు అని రాసి ఊరుకుంటాం. ఇందులో మనసు పెట్టడానికేం లేదక్కా, కళ్లు పెట్టాలి.

ఇంకో సంగతి. మా దగ్గరికి వచ్చేవాటి మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరి రక్తమో చూసేవాళ్లకి తెలియకూడదనే ఆ ఏర్పాటు. అయినవాళ్ల కేసు వస్తోందని తెలిస్తే వెంటనే మా మేడమ్‌కి చెప్పి పక్కకి తప్పుకోవాలి. రేపు పొద్దున్నే వెళ్లి చెప్పేస్తా. ఆవిడ మాటలు కత్తిలా ఉంటాయి గానీ మనిషి మంచిది.

బావకి ముక్కులోంచి రక్తం కారడం నేనెప్పుడూ వినలేదు. ఎప్పటి నుంచి? డాక్టర్‌కి చూపించారా?

చిట్టి


లాండ్రీ,
ఆదివారం

చిట్టీ,

మేడమ్‌కి చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటా.

నువ్వు తప్పుకుంటే ఎవడో చూస్తాడు. వాడికి నా బాధేం తెలుసు? ఇంటికెళ్లే తొందరలో యాభై చూసి వంద అని రాసేస్తాడు. నువ్వైతే వందకి వంద చూస్తావు. చిన్నప్పుడు బియ్యంలో రాళ్లు ఏరమంటే ఒక్కో గింజా పట్టుకుని చూసేదానివి. అన్నం వండేసరికి సాయంత్రమయ్యేది.

అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు, నాకు పధ్నాలుగు. నిన్ను చంకనేసుకుని తిరిగాను, చదివించాను. ఇది దెప్పడం కాదు. ఒక్క మాట అడిగే హక్కు నాకుందా లేదా అని అడుగుతున్నా.

ముక్కు సంగతి ఎందుకిప్పుడు? కారింది, అంతే. మగాళ్లు అన్నీ చెప్పుకుంటారా? నువ్వూ పోలీసుల్లాగే ఆరాలు తీస్తే నేనెక్కడికి పోను?

వీధిలో వాళ్లు బట్టలు వేయడం మానేశారు. ఇన్నాళ్లూ మీ బావ లేకుండా ఏ పంచాయితీ తేల్చుకోని వాళ్లు, ఇప్పుడు మా గుమ్మం ముందు అడుగులు చప్పుడు కాకుండా నడుస్తున్నారు.

అక్క


నా గది,
శనివారం

అక్కా,

చెప్పలేదు. పోయిన వారం శుక్రవారం పొద్దున మేడమ్ గది దాకా వెళ్లాను. ఆవిడ తలెత్తి ‘ఏంటి?’ అంది. ‘సెలవు కాగితం’ అని గొణిగి వెనక్కి వచ్చేశాను. నువ్వు రాయకముందే నా ధైర్యం అయిపోయింది. నీ ఉత్తరం వచ్చాక ఇక అసలు నోరే పెగల్లేదు.

మంగళవారం నాలుగు గాజు గొట్టాలు నా బల్ల మీదికొచ్చాయి. మూడో గొట్టంలో దారాలు చూడగానే దీపం దగ్గరికి పట్టుకున్నాను. తెలుపు మీద సన్నటి నీలం. ఆ గుడ్డ కోసం నేను నా మొదటి జీతంతో మూడు షాపులు తిరిగాను, నేను గుర్తుపట్టనా? అప్పుడైనా లేచి చెప్పాల్సింది. కుర్చీకి అతుక్కుపోయినట్టు కూర్చున్నా.

వంద కణాలు చూశాను. మోచేతులు బల్లకి ఆనించుకుని ఒక్కోటీ చూశాను. ముప్ఫై ఒకటి! అక్కా, ముప్ఫై ఒక్క చుక్కలు! మగ రక్తం. రాసి సంతకం పెట్టేశాను. నిన్న కాగితం పోలీసులకి వెళ్లిపోయింది. బావ చెప్పింది నిజమే. ఆయన్ని లోలోపల అనుమానించినందుకు సిగ్గుపడుతున్నా. నా తరఫున క్షమాపణ చెప్పు.

ఇంకేం, కాస్త తిని పడుకో. బావ వచ్చాక ముందు ఆ ముక్కు చూపించండి.

చిట్టి


లాండ్రీ,
గురువారం

నా బంగారు చిట్టీ,

నెత్తిన పాలు పోసినట్టయింది. నీ ఉత్తరం గుండెకి హత్తుకుని ఇస్త్రీ బల్ల మీద కూలబడిపోయాను. పోలీసాఫీసరు మొహం చూడాల్సింది, పుల్లటిది తిన్నట్టు పెట్టాడు. ఇంకో వారంలో వదిలేస్తామన్నారు. మీ బావని చూసొచ్చాను. ‘చెప్పానా, నీ చెల్లెలు ఉందిగా’ అన్నాడు. నవ్వాడు కూడా.

ఎంత గొప్ప చదువే నీది! నేనసలు ఆశే వదులుకున్నా. ఆ చొక్కా వేడినీళ్ల తొట్టిలో అరపూట నానింది. మామూలుగా కూడా కాదు, తెల్లబట్టలు తళతళలాడటానికి వేస్తామే ఆ తెల్ల పొడి, గుప్పెడుకి గుప్పెడు కుమ్మరించాను. అయినా మరక వదల్లేదు. వదలనిదాన్ని ఎవరికీ కనపడకుండా మూటల కింద తోశాను. అంత చేసినా అందులోంచి మగా ఆడా అని నువ్వు పట్టేశావంటే!

ఇంట్లో అన్నీ సర్దుతున్నా. ఆయనకి తొట్టి గది అలా చిందరవందరగా ఉంటే ఒళ్లు మండుతుంది. ఇస్త్రీ బల్ల మూల ఒకటి విరిగింది, వడ్రంగిని పిలిచాను.

అక్క


లాబ్, చీకటి గది,
సోమవారం

అక్కా,

కొంప ముంచావు. లేదు, నేనే ముంచాను.

నీ తెల్ల పొడి ఉంది చూడు, బట్ట తెల్లగా మెరిసేది దానివల్లే. మా నీలి దీపం కింద అది ఇంకా మెరుస్తుంది. నీ ఉత్తరం చదవగానే పరుగెత్తాను. చొక్కా ఇంకా బీరువాలోనే ఉంది. రక్తం అంటని చోట, కింద అంచు నుంచి నాలుగు దారాలు తీసి చూశాను. రక్తం లేదు, కణాలు లేవు. కానీ పలక నిండా చుక్కలే చుక్కలు, తళతళా! నేను లెక్కబెట్టిన ముప్ఫై ఒకటిలో ఎన్ని వైలో, ఎన్ని నీ తొట్టిలో పొడి నలుసులో దేవుడికే తెలియాలి. మరక లేని గుడ్డ కూడా పక్కన పెట్టి చూడాలని రూలుంది. నేను చూడలేదు. మగ రక్తం అని తేలాలని ఎంతగా కోరుకున్నానంటే, తేలగానే లేచి నిలబడ్డాను. నాకు కావాల్సిందే నాకు కనబడింది.

నేను రాసిన కాగితానికి విలువ లేదు. తప్పని కూడా కాదు, ఏమీ కాదు.

ఇంకోటి అడుగుతా, కోప్పడకు. వేడినీళ్లా? రక్తం మరకని వేడినీళ్లలో వేశావా, నువ్వా? వేడి తగిలితే రక్తం బట్టలో ఉడికి అతుక్కుపోతుందని నీ షాపులో చేరిన ప్రతి మనిషికీ మొదటి రోజే పాఠం చెప్పేదానివి. సెలవులకొస్తే నాకు కూడా చెప్పావు, నేను నవ్వాను కూడా. ముక్కులోంచి కారిన రక్తమే అయితే చన్నీళ్లలో జాడించి ఆరేసేదానివి. ఆ రోజు ఏం జరిగిందక్కా? నీ చేతులు అలవాటైన పని మర్చిపోయాయంటే మామూలు సంగతి కాదు.

గురువారం పదింటికి మేడమ్‌కి అన్నీ చెబుతున్నా. ఈ ఉత్తరం మీ వైపు వస్తున్న తెలిసినావిడ చేతికిచ్చి పంపుతున్నా. ఆలోగా చెప్పాల్సింది ఉంటే చెప్పు.

చిట్టి


లాండ్రీ,
మంగళవారం

చిట్టీ,

తెచ్చినావిడ గుమ్మంలో నిలబడి ఉంది, జవాబు పట్టుకెళ్తానంది. రెండు ముక్కలే.

చెప్పకు. ఆ కాగితం ఎవరూ మళ్లీ తెరవరు. శనివారం వదిలేస్తున్నారు. నువ్వు నోరు విప్పితే ఆయన్ని ఉరి తీస్తారు, నీ ఉద్యోగం పోతుంది, నేను రెండూ చూస్తూ బతకాలి. ఆయన ఎవర్నీ చంపలేదు. ఆ అమ్మాయిని ముట్టుకోను కూడా లేదు. అది మాత్రం నిజం, అమ్మ మీద ఒట్టు.

చెప్పావంటే నాకు చెల్లెలు లేదనుకుంటా.

అక్క


లాబ్ వెనక, గాజులు కడిగే గది,
మరుసటి ఆదివారం

అక్కకి,

చెప్పేశాను. నీకు చెల్లెలు లేకపోతే పోనీ, ఉత్తరం మాత్రం చివరిదాకా చదువు.

మేడమ్ కోప్పడలేదు, అదే నాకు భయమేసింది. మొత్తం విని, ‘చొక్కా గుర్తుపట్టిన నిమిషం ఎందుకు లేవలేదు?’ అని ఒక్కటే అడిగింది. నన్ను మైక్రోస్కోప్ దగ్గర్నుంచి తీసేశారు. ఎంక్వైరీ అయ్యేదాకా పలకలు కడగాలి. తల కొట్టేసినట్టుంది గానీ, అబద్ధమాడను, కాస్త నిద్ర పడుతోంది.

మళ్లీ పరీక్ష మేడమే చేసింది. గుండీల పట్టీ లోపల రెండు మడతల మధ్య రక్తం ఇంకి గట్టిపడిన చోటుంది, అక్కడికి నీ పొడి చేరలేదు. అక్కడి దారాలు తీసింది. మరక లేని మడత కూడా పక్కన పెట్టింది. ఈసారి మడతలో ఒక్క మెరుపు లేదు. వంద కణాలు తను చూసింది, ఇంకో వంద వేరే ఆయన విడిగా చూశాడు. తనకి రెండు చుక్కలు, ఆయనకి ఒకటి.

ఆడమనిషి రక్తం, అక్కా. కాగితం పోలీసులకి వెళ్లిపోయింది. శనివారం బావని ఎందుకు వదల్లేదో ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది.

వాళ్లు అది ఇస్త్రీ అమ్మాయి రక్తం అనుకుంటున్నారు. ఒక పూటంతా నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆమెని ముట్టుకోలేదని అమ్మ మీద ఒట్టేశావు. అమ్మ మీద నువ్వు దొంగ ఒట్టు వేయవు. మరి ఆ ఇంట్లో ఉన్న ఇంకో ఆడమనిషి ఎవరు?

పలకలు కడుగుతూ అదే ఆలోచించాను. గదికొచ్చి నీ పాత ఉత్తరాలు తీసి కొత్తవాటి పక్కన పరిచాను. పాతవాటిలో అక్షరాలు కుడికి వాలి ఉన్నాయి. ఈ నెల రాసినవన్నీ ఎడమకి వాలాయి. మణికట్టు పట్టేయడం కాదు, నువ్వు ఎడమ చేత్తో రాస్తున్నావు. కుడి చేతికి ఏమైంది? ఇస్త్రీ బల్ల మూల ఎలా విరిగింది? పోయిన ఏడాది వేలికి కట్టుంటే తలుపు సందులో పడిందన్నావు. అంతకుముందు మెట్ల మీద జారానన్నావు. ఆ ఇంట్లో మెట్లు లేవక్కా! అప్పుడు నాకు తట్టనే లేదు. రోజంతా కంటికి కనపడనివి వెతికే ఉద్యోగం నాది. ఎదురుగా ఉన్న నువ్వు మాత్రం నాకు కనపడలేదు.

నీ గ్రూపు కూడా ఓ. నాకు తెలుసు, చదువుకునేటప్పుడు నీదీ నాదీ నేనే చూశాను.

మేం ఆడ అని మాత్రమే చెప్పగలం. ఎవరు అన్నది ఆ మైక్రోస్కోప్ చెప్పలేదు. నువ్వే చెప్పాలి. నువ్వు చెప్పకపోతే చేయని హత్యకి బావ పోతాడు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. వీధంతా నీ వైపు జాలిగా చూస్తుంది, దానికంటే చావే నయమనుకునే మనిషివి నువ్వు. అయినా అడుగుతున్నా. అది నీ రక్తమేనా?

చిట్టి


మందుల షాపు వెనక గది,
శుక్రవారం

చిట్టీ,

చెల్లెలు లేదనుకుంటానన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. నాకున్నది నువ్వొక్కదానివే.

నాదే.

ఆ పొద్దున ఒకాయన కోటు మాడింది. నేను మాడ్చాను. మీ బావ నా కుడి చెయ్యి మెలితిప్పి తోశాడు. బల్ల మూల తలకి తగిలింది. తర్వాత తనే భయపడి నన్ను ఎత్తి గుండెకి ఆనించుకున్నాడు, అందుకే మరక ఛాతీ మీద. ప్రతిసారీ అంతే, కొట్టేదీ ఆయనే, పట్టుకునేదీ ఆయనే. ఇస్త్రీ అమ్మాయి చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒకరు చూశారు. ఆయన మీద అరిచింది, ఆయన తిరిగి అరిచాడు, మందుల షాపాయన విన్నది అదే. ఆమె బట్టలు మూట కట్టుకుని ‘రా అక్కా, ఇద్దరం పోదాం’ అంది. ‘నీ పని నువ్వు చూసుకో’ అన్నాను. అన్నాక చొక్కా చేతిలో పెట్టుకుని నిలబడ్డాను. తల గిర్రున తిరుగుతోంది. ఏ తొట్టి దగ్గరుంటే ఆ తొట్టిలో వేశాను. అది వేడినీళ్లదని మరక ఉడికాక గానీ తెలియలేదు.

ఆమె వాళ్ల పిన్ని దగ్గరికి పోయింది. ఏ ఊరో నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. ‘ఎవరైనా అడిగితే నేను చూసింది చెబుతా’ అని వెళ్లింది, అందుకే పోలీసులకి చెప్పలేదు. ఆయన జైల్లో కూర్చున్నాడు, నేను షాపులో కూర్చున్నాను, ఇద్దరం ముక్కు ముక్కు అని ఒకే అబద్ధం చెబుతూ. ఉరికైనా సిద్ధపడ్డాడు గానీ పెళ్లాన్ని కొట్టానని నలుగురిలో ఒప్పుకోలేకపోయాడు. ఆ సిగ్గు కాపాడటానికి నేనూ నిన్ను తప్పు చేయమన్నాను. నీ ఉద్యోగం మీదికి తెచ్చాను. నన్ను క్షమించు చిట్టీ. దీనికి మాత్రం నాకు నిజంగా ఏడుపొస్తోంది.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు షాపు తెరవలేదు. మూడో రోజు స్టేషన్‌కి వెళ్లాను. ముందు ఊరి పేరు చెప్పాను. మధ్యాహ్నానికల్లా ఫోనొచ్చింది, ఆ అమ్మాయి బాగానే ఉంది, అక్కడ కూడా ఇస్త్రీయే చేస్తోందట. పోలీసు డాక్టరమ్మ నా జుట్టు పాయలు తీసి గాయం చూసింది. చెయ్యి పట్టుకుని ‘ఎముక చిట్లింది, నెల దాటింది, ఇన్నాళ్లూ ఎలా ఓర్చుకున్నావమ్మా’ అంది. ఇప్పుడు కట్టు కట్టారు. నేను రాత్రుళ్లు ఉండటానికి చోటిచ్చింది ఎవరనుకున్నావు? ఆ మందుల షాపాయన భార్యే. విన్నదానికి పది కలిపి చెప్పాడని తిట్టుకున్నానే, ఆయన తగ్గించే చెప్పాడు. వాళ్లకి అన్నీ వినిపించేవట.

మీ బావని సోమవారం వదులుతారు. హత్య లేదు కాబట్టి ఆ కేసు లేదు. నన్ను కొట్టినందుకు ఇంకో కేసు పెడతావా అని అడిగారు. పెట్టాను. షాపు తాళం స్టేషన్లోనే ఇచ్చేశాను. ఆదివారం బస్సుకి నీ దగ్గరికొస్తున్నా. చన్నీళ్లు పట్టిన బకెట్ ఒకటి సిద్ధంగా ఉంచు, తలకి కట్టిన గుడ్డ ఉతుక్కోవాలి.

ఒక్కటి చెప్పి ముగిస్తా. చివర్లో ఆఫీసరు కాగితం ముందు పెట్టుకుని, ‘ఇది ఆడమనిషి రక్తమని మాత్రమే రాశారమ్మా, నీదేనని ఎలా నమ్మమంటావు?’ అన్నాడు. పెళ్లయిన పదహారేళ్లలో నా ఒంటి మీది దెబ్బ గురించి నన్ను అడిగిన మొదటి పోలీసు ఆయనే. తల మీది గుడ్డ విప్పాను.

‘సగం మా చెల్లెలి లాబ్ వాళ్లు చూసి రాశారు’ అన్నాను. ‘మిగతా సగం నేను చెబుతున్నాను, రాసుకోండి. అది నా రక్తం.’

రాసుకున్నాడు. కింద ఎడమ చేత్తో సంతకం పెట్టాను.

అక్క